బొంతలో ఎదురింటి గుర్తు

మా ఇంట్లో ఫొటో ఆల్బం లేదు. ఉన్న నాలుగు ఫొటోలూ పెద్ద తుఫానులో తడిసి, అందులో ఉన్నవాళ్ళందరూ ఒకే ముఖానికి వచ్చేశారు. ఆ లోటు బొంత తీరుస్తుంది. కొత్త చుట్టం ఎవరైనా ఇంటికి వస్తే మా అమ్మ ముందు మంచినీళ్ళిస్తుంది, తరవాత బొంత పరుస్తుంది. ఇక ఆ చుట్టం బస్సు తప్పినట్టే.

ఒక మూల గళ్ళ ముక్క ఉంది. అది మా నాన్న లుంగీ, ఆయన కొబ్బరిచెట్టు మీంచి జారిపడిన రోజు కట్టుకున్నది. మా నాన్నకి ఏమీ కాలేదు, లుంగీయే చిరిగింది. నా చిన్నప్పుడు అమ్మ చెప్పిన కథలో ఆ చెట్టు రెండు నిలువులుండేది. మా నాన్న పోయి పదేళ్ళయింది గానీ చెట్టు మాత్రం పెరుగుతూనే ఉంది. ఇప్పుడు సెల్ టవరంత అయింది. దాని పక్కనే గోధుమరంగు మరకల తెల్ల ముక్క. అమ్మ పలాసలో జీడిపప్పు వలిచే పనికి వెళ్ళిన రోజుల నాటి రవిక. జీడి సొన మరక సబ్బుకీ పోదు, సోడాకీ పోదు, మా నాయనమ్మ తిట్లకీ పోలేదు.

అంచున తరవాత అతికిన ఖాకీ ముక్క నాది. స్కూలు నిక్కరు. ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలేసుకున్నాం కనుక ఆ నిక్కరు పెద్దగా అరగలేదు. బొంత మొత్తంలో గట్టి ముక్క అదే. నా చదువు ఎవరికైనా పనికొచ్చిందంటే అక్కడే పనికొచ్చింది. లోపలి అస్తరంతా ఎన్నికల బ్యానర్లు. మా నాయనమ్మ అన్ని పార్టీల మీటింగులకీ వెళ్ళేది, అన్ని బ్యానర్లూ తెచ్చేది. మా బొంతలో వాళ్ళందరూ ఒకరి మీద ఒకరు పడుకుని ఉంటారు. బయట కూడా అంతేననేది మా నాన్న అభిప్రాయం.

మధ్యలో అరచేతులు నాలుగు పట్టేంత ఆకుపచ్చ ముక్క, ఎర్ర అంచుతో. అక్కడికి వచ్చేసరికి అమ్మ గొంతు కొంచెం తగ్గేది.

"ఇది నా పెళ్లి సీర. మా అత్త పెట్టింది. ఎలకలు కొట్టీసినాయి. మిగిలిన ముక్క ఇందులో ఏసింది."

అంతే. చెట్టులా ఈ కథ పెరిగేది కాదు. నలభై ఎనిమిదేళ్ళలో ఒక్క మాట చేరలేదు, ఒక్క మాట తగ్గలేదు. కథలు చెప్పేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడిని, ఆ ఒక్కటీ చూసి నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నేను ఎలుకల మీద జోకులు వేసుకుంటూ ఉండిపోయాను.

ఆ బొంత మీద పడుకున్న మొదటి మనిషిని నేనే. తరవాత మా తమ్ముడు, తరవాత నా కూతురు. మొన్న వానాకాలం నా కూతురికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన బిడ్డని కొత్త గుడ్డ మీద వేయకూడదు, పది ఒళ్ళు తిరిగిన పాతగుడ్డలో వేస్తేనే ఆయుష్షు అని మా వైపు మాట. ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో ఆ బొంతే వేయాలని అమ్మ పట్టు. కానీ తుఫాను నీళ్ళు తాగినప్పటి నుంచీ బొంత లోపల ఉండలు కట్టింది, వాసన కూడా ఒకటి ఉంది. కుట్లు విప్పి, ముక్కలు వేటికవి ఉతికి, మళ్ళీ కుట్టాలి. అమ్మకి చూపు సరిగా ఆనదు. నా భార్య ఫ్యాక్టరీకి పోయింది. ఆటో పంక్చరై ఇంటి ముందు పడుకుంది. ఖాళీగా కనిపించింది నేను.

"ఒరే, ఆ బ్లేడు తీసుకో. గుడ్డ కొయ్యకు, దారం కొయ్యి."

"నాకు తేడా తెల్దనుకున్నావేటి?"

"నీకు తెలిసినదేటి ఉందిరా?"

ఇలా మొదలైంది ఆ మధ్యాహ్నం. అమ్మ వంటింట్లో చేపలు కడుగుతోంది, నేను అరుగు మీద దారాలు తెంపుతున్నాను. ఆకుపచ్చ ముక్క మూడు వైపులా విప్పి తిరగేశాను. అంచు కింద, మూలన, నల్లటి గుర్తు. ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు, కుడిపక్క సందులో చుక్క.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇళ్ళలోకి వాషింగ్ మిషన్లు రాకముందు మా వీధి బట్టలన్నీ ఒకే ఆయన ఉతికేవాడు. నేను మావా అని పిలిచేవాణ్ణి. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరాలని ప్రతి బట్టకీ లోపలి మూలన గుర్తు పెట్టేవాడు. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ రసం అద్ది గీసేవాడు. అది పెట్టాక బట్ట పోతుంది గానీ గుర్తు పోదు. మూట ఇంటికొచ్చినప్పుడు మన గుర్తు ఉన్నవి ఏరడం, పొరపాటున వచ్చినవి ఆయా ఇళ్ళకి ఇచ్చి రావడం పిల్లల పని. బడిలో వత్తులూ గుణింతాలూ నన్ను ఏడిపించాయి గానీ, మా వీధి గుర్తులన్నీ నాకు నిద్రలో లేపినా వచ్చు. నేను తప్పుల్లేకుండా చదివిన లిపి అదొక్కటే.

మా ఇంటి గుర్తు మూడు చుక్కలు, కింద ఒక గీత. గుణకారం పక్కన చుక్క ఎదురింటిది.

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వొస్తే ఆపుకునే అలవాటు నాకు లేదు.

"అమ్మా, మన బొంతలో దొంగసొత్తు దొరికింది!"

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. అమ్మ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతిలో ఉన్నది చూసింది. అంత చూపు ఆమెకి ఉంది. తిట్టలేదు. మా అమ్మ తిట్టలేదంటే ఏదో ముంచుకొచ్చిందని మా ఇంట్లో కుక్కకి కూడా తెలుసు.

"నోరు ముయ్యి. లోపలికి రా," అంది.

ఎదురింట్లో ఉన్నది అత్త. రక్తసంబంధం కాదు, వీధి వరస. అమ్మా ఆమే ఒకే వేసవిలో ఈ వీధికి కోడళ్ళుగా వచ్చారు. అప్పటి నుంచీ ఒకరినొకరు వదినా అంటే వదినా అని పిలుచుకుంటారు. మధ్యాహ్నం వంటలయ్యాక మా అరుగు మీదో వాళ్ళ అరుగు మీదో కూర్చుంటారు. నేను పుట్టినప్పుడు అమ్మకి జ్వరమొచ్చి పాలు పడకపోతే నాలుగు రోజులు అత్తే తన బిడ్డతో పాటు నాకూ పాలిచ్చిందట. నేనేదైనా వెటకారం ఆడినప్పుడల్లా ఆ నాలుగు రోజులూ ఆమె గుర్తుచేస్తుంది. "ఇలాగవుతావని తెలిస్తే నీళ్ళు పోసేదాన్నిరా అల్లుడా."

ఆమెకి ఒక కష్టం ఉంది. వీధంతటికీ తెలిసిన కష్టం. పెళ్ళయిన మూడో నెల్లో ఆమె పెళ్లి చీర మాయమైంది. ఉతకడానికి వేసిన చీర తిరిగి ఇంటికి రాలేదు. బట్టలుతికే మావ తాను ఇచ్చేశానన్నాడు. నమ్మకపోతే అమ్మవారి గుడి ముందు అరచేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాడు. కర్పూరం ఆరిపోయేదాకా చెయ్యి కదపలేదు. దాంతో ఆయన మంచివాడని తేలిపోయింది. మరి చీర ఏమైనట్టు? ఆ వారమే అత్త సంతబొమ్మాళి వైపున్న పుట్టింటికి వెళ్ళి వచ్చింది. అక్కడ ఆమె చెల్లెలికి పెళ్ళి కుదిరి ఉంది. అంతే, తీర్పు అయిపోయింది. అత్తింటివాళ్ళు పెట్టిన చీర చెల్లెలికి ఇచ్చేసి, ఉతికే మనిషి మీద నెట్టింది అన్నారు.

ఆ మాట మొదట అన్న ఆమె అత్తగారు ఎప్పుడో పోయింది. మావ మాత్రం, అంటే అత్త మొగుడు, దాన్ని పారేయకుండా వాడుకుంటూ వచ్చాడు. కూరలో ఉప్పెక్కువైతే చీర, ఆడపిల్లలకి పండక్కి బట్టలు పెట్టాలంటే చీర, తువ్వాలు కనబడకపోతే చీర. "సూడు, మీ సెల్లి ఇంట్లో ఉందేమో." ఆమె మొదట్లో ఏడ్చేదట, తరవాత ఎదిరించేదట, నాకు ఊహ తెలిసేసరికి ఏమీ అనేది కాదు.

ఇప్పుడు మావకి డయాలసిస్. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి మూడుసార్లు నా ఆటోలోనే పలాస తీసుకెళ్తాను. వెనక ఆయన, అత్త. ఎదురుగాలికి చెవులు మూసుకుపోయినా ఆయన గొంతు నాకు వినబడుతూనే ఉంటుంది. టిఫిన్ డబ్బా మూత మర్చిపోయిందని మొదలుపెడతాడు, చీర దగ్గర తేలతాడు.

"ఇంత మతిమరుపేటి నీకు? ఆ సీర మాత్రం మర్సిపోకుండా సేరేసినావు."

నేను అద్దంలో చూసి ఏదో ఒకటి అనేవాణ్ణి. "మావా, ఆ సీర ఇప్పుడు దొరికినా నీకు సరిపోదు. ఒదిలీ." ఆయన నవ్వేవాడు. అత్త కిటికీ లేని కిటికీలోంచి జీడితోటలు చూసేది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో చేపల గిన్నె పక్కన కూర్చుని అమ్మ నాకు చెప్పింది.

ఆ వేసవిలో మా నాయనమ్మా, ఎదురింటి ముసలమ్మా కలిసే టెక్కలి వెళ్ళి కోడళ్ళకి చీరలు తెచ్చారు. రెండు తీసుకుంటే బేరం కుదురుతుందని రెండూ ఒకటే రకం. ఆకుపచ్చ, ఎర్ర అంచు. ఇద్దరు కోడళ్ళూ కవలపిల్లల్లా కనబడ్డారని వీధిలో నవ్వుకున్నారు. మూడో నెల్లో రెండు చీరలూ ఒకే రోజు ఉతుక్కి పడ్డాయి. ఒకదాని మడతలో ఒకటి దూరి, ఒకటే చీరలా మా మూటలో వచ్చాయి. ఉతికే మావ అబద్ధమాడలేదు. రెండు ఇళ్ళకీ వేసేశాననే అనుకున్నాడు.

"రెండ్రోజులు పోయాక పెట్టిలో పెడదామని మడత ఇప్పినాను. రెండున్నాయి. అప్పటికే ఎదురింట్లో కేకలు. మీ నాయనమ్మకి సూపించినాను. ఇప్పుడు పట్టుకెల్తే మనమే దాసినామంటారు, సల్లబడనీ అంది."

"సల్లబడలేదు."

"సల్లబడేదే. ఆ కర్పూరం ఎలిగించీసినారు కదా. ప్రమాణాలు అయిపోయాక సీర పట్టుకెల్తే ఏటవుద్ది? ఇన్నాళ్ళూ ఏటి సేసినావంటారు."

"మరి కాల్చీలేకపోనారా?"

"బట్ట కాల్సకూడదు. దరిద్రం."

పూడ్చెయ్యడానికి మా నాయనమ్మకి మనసొప్పలేదు. గట్టి నేత. ఆమె బొగ్గు ముక్క కూడా పారేసే మనిషి కాదు. నేను కడుపులో పడ్డాక బొంత కుడుతూ ఒక దారి కనిపెట్టింది. కోడలి చీర ఎలకలు కొట్టాయని వీధిలో చెప్పి, ఒక చీర ముక్కలు చేసి బొంతలో వేసేసింది. ఇక ఆకుపచ్చ ముక్క ఎవరు చూసినా మాదే అనుకుంటారు. నాలుగు నెలలు ఆలోచించి చేసిన తెలివితక్కువ పని అది. ఎందుకంటే ఇక రెండో చీర కట్టుకోవడానికి లేదు. ఎలకలు కొట్టిన చీర కట్టుకుని కోడలు వీధిలో తిరిగితే ఎలా?

"అయితే నీ సీర?"

అమ్మ చేప పొలుసు ఒకటి వేలికి అంటుకుంటే దాన్ని చూస్తూ కూర్చుంది.

"పెట్టి అడుగున ఉంది."

నలభై ఎనిమిదేళ్ళుగా ఉందట. కట్టుకోలేదు, ఎవరికీ చూపించలేదు. ఇద్దరు పెళ్ళికూతుళ్ళు, రెండు చీరలు. చివరికి ఇద్దరికీ చీర లేకుండా పోయింది. నాకు మళ్ళీ నవ్వొచ్చింది గానీ ఈసారి బయటికి రాలేదు.

"నాయనమ్మ పోయాకైనా సెప్పొచ్చు కదమ్మా?"

"ఏటని సెప్తాను? మా అత్త సేసింది అంటానా? ఏ సీర కొయ్యాలని అడిగింది నన్నే. నాది కొయ్యొద్దన్నాను. ఒదినది కొయ్యమన్నాను. నాకు పద్దెనిమిదేళ్ళు."

అది చెప్పి లేచి చేపలు పొయ్యి మీదికి ఎక్కించింది. ఆ రోజు కూరలో ఉప్పు వేయలేదు. అలాగే తిన్నాం.

తరవాత నాలుగు ట్రిప్పులు నేను ఆటో నడిపాను. నా జీవితంలో అంత కష్టపడి ఏ పనీ చేయలేదు. నాకు మాట దాచడం రాదు. మా ఊళ్ళో ఏదైనా పదిమందికీ తెలియాలంటే మైకు కట్టించడం మానేసి నాకు చెప్తారు. అలాంటివాణ్ణి, వెనక సీట్లో మావ "సేరేసినావు" అన్నప్పుడల్లా హారన్ కొట్టేవాణ్ణి. రోడ్డు మీద మేక కూడా లేదు.

"ఎవులికిరా ఆ హారను?" అని అత్త అడిగింది.

"అలవాటత్తా."

నాలుగో ట్రిప్పులో ఆస్పత్రి మెట్ల దగ్గర మావకి కళ్ళు తిరిగాయి. ఇద్దరం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాం. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక అత్త బయట నేల మీదే కూలబడింది. కాసేపటికి, నాతో కాదు గోడతో చెప్పినట్టు చెప్పింది.

"ఈయన పోతే పోనాడు అల్లుడా. ఒయసైపోనాది. ఆ మాట మాత్రం నా నెత్తిన ఎట్టీసి పోతాడు. నాను ఇవ్వలేదని ఒక్కసారి ఈయన నోట అనిపిద్దామని సూసినాను. ఇక అనడులే."

 టీ తెస్తానని చెప్పి అక్కడి నుంచి పోయాను.

ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. కలపలేదు, తగ్గించలేదు.  మర్నాడు డయాలసిస్ లేని రోజు. అమ్మ పొద్దున్నే తలంటుకుంది. పెట్టె తీసి అడుగు నుంచి ఒక మూట పైకి లాగింది. పాత పంచెలో చుట్టి ఉంది, మధ్యలో వేపాకు నలిగి పొడైపోయింది. చీర రంగు కొంచెం కూడా దిగలేదు. మళ్ళీ కట్టని చీర కదా.

"పద," అంది.

"నేనెందుకు?"

"గుర్తు సదవడానికి. ఆలిద్దరికీ కళ్ళు కనబడవు."

వీధి దాటడానికి పది అడుగులు. అమ్మ మధ్యలో ఒకసారి ఆగింది. ఎవరిదో ఆవు అడ్డొచ్చిందనుకున్నాను. ఆవు లేదు.

అత్త అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుతోంది. "ఏటొదినా పొద్దున్నే, తలంటుకున్నావు, ఎక్కడికి?" అంది. అమ్మ ఆకుపచ్చ ముక్క ఆమె ఒళ్ళో వేసింది, తిరగేసి, గుర్తు పైకి పెట్టి. పక్కన మడత చీర పెట్టింది.

అత్త ముందు చీర చూసింది. "ఇదేటి? నీది ఎలకలు కొట్టీసినాయి కదా?" తరవాత ముక్క చూసింది. బొటనవేలితో గుర్తు మీద రుద్దింది. మళ్ళీ రుద్దింది. నల్లజీడి అది, పోతుందా.

"సదువుతానుండత్తా," అన్నాను.

"నాకు తెలుసురా. నా ఇంటి గుర్తు నువ్వు సదివేదేటి?"

అమ్మ మొత్తం చెప్పింది. ఎక్కడా మా నాయనమ్మని అడ్డు పెట్టుకోలేదు. "నాది కొయ్యొద్దన్నాను" అన్న దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి అంది. అత్త వింటూ ఈనె ఒకటి చీరుతూ పోయింది, అది వెంట్రుకంత సన్నం అయిపోయింది.

"ఈ బొంత నాలుగుసార్లు కుట్టినాను ఒదినా, నీతో కూకుని. ఈ ముక్క సుట్టూ కూడా నానే కుట్టినాను. ఎలకల్ని తిట్టినాను కూడా."

"తిట్టినావు."

"నా పెళ్లి సీర మీద ఈడు ఉచ్చ పోసినాడు."

"చాలాసార్లత్తా," అన్నాను. ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. నావైపు చూసింది కూడా కాదు.

ముక్క పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. మేమూ వెనకాలే గుమ్మం దాకా వెళ్ళాం. మావ నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త ఆ ముక్క ఆయన ముఖం దగ్గర పెట్టింది.

"సూడు. ఏ ఇంటి గుర్తు?"

ఆయన దగ్గరికి లాక్కుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"మనదే."

"నా సీర. ఎదురింటి బొంతలో ఉంది. మూటలో కలిసిపోయి ఎల్లింది. మా సెల్లికి ఇవ్వలేదు. వినబడిందా?"

మావ చాలాసేపు గుర్తు చూశాడు. అమ్మని చూశాడు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.  యాభై ఏళ్ళకి ఒక మాట రావాలి కదా, ఏదో ఒకటి. తప్పయిపోయింది అంటాడనుకున్నాను. లేదా మా అమ్మని తిడతాడనుకున్నాను.

"సరే, సీర ఇవ్వలేదు," అన్నాడు. "మరి ఇత్తడి బిందో?"

"అది నానే ఇచ్చినాను," అంది అత్త. "మా సెల్లికి. దానికి నీల్లు తెచ్చుకోడానికి బింది లేదు. నువ్వు అడగలేదు. నాను సెప్పలేదు."

మావ కళ్ళు మూసుకున్నాడు. పెదాల కొసన ఏదో కదిలింది.

"నాకు తెలుసు," అన్నాడు. కొంచెం ఆగి, "సీర ఇవ్వలేదు," అని మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా, మాట రుచి చూస్తున్నట్టు. ఆమెకి కావలసింది అదే. అంతకుమించి ఆయన్నుంచి రాలేదు, ఆమె అడగలేదు.

మేం వచ్చేస్తుంటే అత్త అరుగు మీద ఉన్న మడత చీర తీసి చంకలో పెట్టుకుంది. ముక్క మాత్రం నా చేతికిచ్చింది. అమ్మతో ఒక్క మాట అనలేదు.

ఆ తరవాత వారం రోజులు అత్త మా అరుగెక్కలేదు. అమ్మ మధ్యాహ్నాలు ఒక్కత్తే కూర్చునేది, వాళ్ళ తలుపు వైపు కాకుండా పక్కింటి కొబ్బరిచెట్ల వైపు తిరిగి. వీధిలో విషయం ఆ రోజు సాయంత్రానికే పాకింది. నేను చెప్పలేదు. ఈ ఒక్కసారి నిజంగానే నేను కాదు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎవరో అమ్మని చూసి ఎలకలెలా ఉన్నాయని అడిగారట. అమ్మ బిందె నింపుకుని వచ్చేసింది.

ఆటో మాత్రం నిశ్శబ్దమైపోయింది. వెనక సీట్లో మాటే లేదు. పలాస దాకా ఇంజను చప్పుడే. రెండో ట్రిప్పులో నేనే ఉండలేక అడిగాను.

"ఏటి మావా, మాటల్లేవు?"

"ఏటి మాటాడాల్రా? ఉన్న ఒక్క మాటా మీ అమ్మ పట్టుకుపోనాది."

అద్దంలో చూస్తే అత్త నవ్వుతోంది. తోటలవైపు కాదు, ముందుకు చూసి.

ఉయ్యాల రోజు దగ్గరపడింది. ముక్కలన్నీ ఉతికి ఆరేశాం. అమ్మ ఆకుపచ్చ ముక్క పక్కన పెట్టేసింది, దాని చోట నా పాత చొక్కా ముక్క వేసి కుట్టమంది నా భార్యని. సూది గుచ్చేలోపు అత్త వచ్చింది. ఒంటి మీద ఆ ఆకుపచ్చ చీర ఉంది. నలభై ఎనిమిదేళ్ళ మడతలు కదా, నిలువునా గీతలు పడి ఉన్నాయి. ఆ వయసులో అంత పచ్చ కట్టుకుందని వీధిలో ఇద్దరు ముక్కున వేలేసుకున్నారట. వేసుకోనీ.

అమ్మ లేచి నిలబడింది. అత్త కూర్చుంది.

"నా ముక్క ఏది?"

అమ్మ తెచ్చి ఇచ్చింది. పట్టుకుపోవడానికే వచ్చిందని మేమందరం అనుకున్నాం. అత్త దాన్ని బొంత మధ్యలో పరిచింది, పాత చోటే. తరవాత తిరగేసింది. గుర్తు పైకి వచ్చింది, నల్లగా, స్పష్టంగా.

"ఇలా కుట్టండి."

"ఎదరవైపు బాగోదత్తా, తిరగేసిన వైపది," అంది నా భార్య.

"బాగోడానికి కాదే పిల్లా."

సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. నేను ఎక్కించి ఇచ్చాను. ఒక పక్క ఆమె కుట్టడం మొదలుపెట్టింది. కాసేపు చూసి రెండో పక్క అమ్మ కూర్చుంది.  మూల దగ్గర రెండు సూదులూ కలిసినప్పుడు అత్త, "నీ కుట్టు ఎప్పుడూ వంకరే ఒదినా," అంది. అమ్మ కుట్టు విప్పి మళ్ళీ వేసింది.

నా మనవరాలు ఇప్పుడు దాని మీదే పడుకుంటోంది. సరిగ్గా మధ్యలో వేస్తే వీపు కింద గుణకారం, పక్కన చుక్క. చుట్టాలు వస్తే అమ్మ ఇంకా బొంత పరుస్తుంది. చెట్టు కథ ఇంకా పెరుగుతోంది. ఆకుపచ్చ ముక్క దగ్గరికి వచ్చాక మాత్రం ఆగుతుంది.

"ఇది మా ఒదినది," అంటుంది. "నాను కోయించినాను."